మూడు నిమిషాల సాక్ష్యం

నాకంటే ముందు ముగ్గురున్నారు. సాక్ష్యం చెప్పేవాళ్ల పేర్లు పాస్టరు శాంసన్ అయ్యగారు ఒక చీటీ మీద రాసుకుని, ఫ్యాను గాలికి లేచిపోకుండా దాని మీద తన కళ్లజోడు పెట్టారు. నాలుగో పేరు నాది, దేవపాలు సారు కూతురు రజిని. నెలాఖరు ఆదివారం కాబట్టి చర్చి నిండింది. జమ్మలమడుగులో మే నెల ఎండ పొద్దున తొమ్మిదింటికే కిటికీల్లోంచి లోపలికి దూరింది. కింద నాపరాళ్లు మాత్రం ఇంకా చల్లగా ఉన్నాయి, చెప్పులు బయట విడిచిన పాదాలకు ఆ చల్లదనం ఒక్కటే హాయి. ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు. అమ్మ నా పక్కన భుజానికి భుజం తగిలేంత దగ్గరగా కూర్చుంది, నేను లేచి పారిపోతానని భయమేమో. నా చేతిలో ఒక పెళ్లిపత్రిక చింపిన ముక్క ఉంది. దాని వెనక అమ్మ గుండ్రటి అక్షరాలతో నాలుగు వాక్యాలు రాసింది. నాకు కాలేజీలో మనసు బాగలేకుండా పోయింది. సంఘమంతా నా కోసం ప్రార్థన చేశారు. డాక్టరు ఇచ్చిన మాత్రలు మానేశాను. దేవుని కృపతో ఇప్పుడు బాగున్నాను. నాలుగింటిలో మూడు నిజాలు. మూడో వాక్యం మీద నా బొటనవేలు ఉంది, చెమటకు సిరా కాస్త అంటుకుంది కూడా. ఈ పొద్దున ఇడ్లీ తిన్నాక నేను మాత్ర వేసుకున్నాను. నిన్నా వేసుకున్నాను, రేపూ వేసుకుంటాను.

"మూడు నిమిషాలే పాపా," అని నిన్న సాయంత్రం అయ్యగారు ఇంటికి వచ్చి చెప్పిపోయారు. "ఏం జరిగింది, దేవుడు ఏం జేసినాడు, అంతే. భయపడాకు. అందరూ మనోళ్లే గదా."

మనవాళ్లే, అందుకే భయం. మొదట లేచిన పెద్దమ్మ గర్భసంచి ఆపరేషన్ గురించి చెబుతోంది, ప్రొద్దుటూరులో ఏ ఆసుపత్రి, కుట్లు ఎన్ని, సుగరు ఎంత ఉండింది, ఇప్పుడు ఎంతకు దిగింది, రెండు పూటలా ఏ రంగు మాత్ర వేసుకుంటోంది, అన్నీ మైకులో చెబుతోంది. ప్రతి మాటకూ జనం స్తోత్రం అంటున్నారు, ఆ మాత్రల పేరు చెప్పినప్పుడు కూడా అన్నారు. అమ్మ కూడా అంది. సుగరు మాత్రకు చర్చిలో చోటుంది, కుట్లకు చోటుంది, గర్భసంచికి చోటుంది. నా మాత్రకు మాత్రం ఎందుకు లేదు? ఇది సుగరు కంటే తక్కువ జబ్బా, ఎక్కువ జబ్బా? పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది, ఎవరో చేయి పట్టి కూర్చోబెట్టారు. నాకు ఆమె మీద కోపం లేదు, అసూయ ఉంది. అంత తేలిగ్గా తన ఒంటి సంగతి నలుగురి ముందు పరిచి కూర్చుంది, పరిచినందుకు ఎవరూ ఆమెను వేరుగా చూడలేదు.

నాకు మొదట పోయింది రుచి. పులివెందులలో కాలేజీ హాస్టలు మెస్సులో సాంబారు ఎప్పుడూ బాగుండదు, అది అందరం తిట్టుకునే సంగతే. కానీ మూడో సంవత్సరం మొదట్లో ఒక రోజు అందరూ తిడుతుంటే నాకు అది బాగుందో లేదో తెలియలేదు, నోట్లో పెట్టుకుంటే తడి తగులుతోంది, వేడి తగులుతోంది, అంతే. తర్వాత నిద్ర పోయింది, తర్వాత తల దువ్వుకోవడం. జుట్టు అట్టలు కట్టింది, దువ్వెన నాలుగడుగుల దూరంలో ఉంది, ఆ నాలుగడుగులు ఎలా నడవాలో అర్థం కాలేదు. ఏడుపు రాలేదు. వస్తే ఎవరికైనా చూపించి ఇదిగో నాకు బాధగా ఉంది అని చెప్పేదాన్ని. ఏడుపు కూడా లేని దాన్ని ఏమని చెప్పాలి? క్లాసులో నా నంబరు పిలిచినప్పుడు పలికేందుకు గొంతు దాకా మాట వచ్చేది, అక్కడే ఆగేది, సారు తర్వాతి నంబరుకు వెళ్లిపోయేవాడు. ఆ నెలలోనే కాలేజీవాళ్లు హైదరాబాదు నుంచి ఎవరినో పిలిపించి పెద్ద హాల్లో మాతో మాట్లాడించారు. ఆయన స్టేజీ మీద అటూ ఇటూ నడుస్తూ ఆరువందల మందినీ చేతులెత్తమన్నాడు, నేను గెలుస్తా అని మూడుసార్లు అరవమన్నాడు. నేనూ చేయెత్తాను. ఆ చేయి నాది కానట్టు, ఎవరిదో తడిసిన దుప్పటి ఎత్తి పట్టుకున్నట్టు ఉంది. ఆయన ఫోన్లు తగ్గించండి, పొద్దున్నే లేవండి అని చెప్పి దండ వేయించుకుని వెళ్లిపోయాడు. ఆ వారంలో ఒక మధ్యాహ్నం, అందరూ క్లాసులకు పోయాక, గది మధ్యలో కూర్చుని నేను ఇక బతకనక్కర్లేదు అనుకున్నాను. చాలా మామూలుగా అనుకున్నాను, రేపు బట్టలు ఉతకనక్కర్లేదు అనుకున్నట్టు. ఇప్పుడు తలచుకుంటే అరికాళ్ల కింది రాళ్ల చల్లదనం మోకాళ్ల దాకా పాకుతోంది. ఆ మాటకు అంత మామూలుతనం ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ మధ్యాహ్నం ప్రసూన ల్యాబు వదిలేసి గదికి వచ్చింది. ఎందుకు వచ్చావంటే ఇప్పటికీ చెప్పదు. నా రూమ్మేటు, పులివెందుల పక్కపల్లె పిల్ల, వాళ్ల నాయన సంజీవయ్యకు నూటిరవై గొర్రెలున్నాయి. తను బ్యాగు కింద పడేసి నా ముందు గొంతుక్కూర్చుంది. "చూడు రజినీ, మా మందలో ఒక గొర్రె పక్కకు నిలబడి మేత ముట్టకపోతే మా నాయన దాన్ని తిట్టడు, కొట్టడు. భుజానేసుకొని డాక్టరు కాడికి పోతాడు. నువ్వు పది దినాల్నుంచి పక్కకు నిలబడుకోనుండావు. నేనే ఆలీసెం జేసినా. లెయ్." నేను లేవలేదు. తను నా చంకల కింద చేతులు వేసి నిజంగానే లేపింది. తల మీద నీళ్లు పోసింది, చిక్కులు పడిన చోట కత్తెరతో జుట్టు కత్తిరించింది, నా చేత సగం బన్ను తినిపించి ప్రొద్దుటూరు బస్సెక్కించింది.

"స్తోత్రం, స్తోత్రం," అంటున్నారు చుట్టూ. రెండో ఆయన లేచాడు. సిమెంటు ఫ్యాక్టరీ లారీ డ్రైవరు, ఎర్రగుంట్ల మలుపులో బ్రేకు పట్టకపోతే తను ఎలా బయటపడ్డాడో చేతులు తిప్పుతూ చూపిస్తున్నాడు. ఎర్రగుంట్ల మలుపు నాకూ తెలుసు. ఆ రోజు మా బస్సు ముద్దనూరు దాటి ఎర్రగుంట్ల వచ్చేసరికి లారీల వెనక లారీలు, కిటికీలోంచి తెల్లటి దుమ్ము వచ్చి నా చేతుల మీద పడుతోంది. దులుపుకోవాలనిపించలేదు నాకు, ప్రసూనే దులుపుతోంది, మళ్లీ పడుతోంది, మళ్లీ దులుపుతోంది. ప్రొద్దుటూరులో గాజులంగళ్ల సందులో ఇరుకు మెట్లెక్కితే పైన డాక్టరు గది, దాని ముందు వరండాలో బెంచీలు. అక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందికి ముఖాల్లేవు. తువ్వాళ్లు, కొంగులు, బురఖాలు, మాస్కులు, ఒకాయనైతే హెల్మెట్ తీయకుండానే కూర్చున్నాడు. నేనూ చున్నీ ముఖానికి చుట్టుకున్నాను. ప్రసూన దాన్ని లాగేసింది. "ఎవుర్ని సంపొచ్చినావని కప్పుకుంటాండావు?" అని అందరికీ వినపడేట్టు అడిగింది. హెల్మెట్ ఆయన తల ఇటు తిప్పాడు. నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. కానీ నవ్వు రావాల్సిన చోటు ఇదీ అని తెలిసింది. చాలా రోజుల తర్వాత అంత మాత్రం తెలిసింది.

అబ్దుల్ సలాం డాక్టరు ముసలాయన, చొక్కా జేబుకు సిరా మరక. మూడు ప్రశ్నలు ఒకే గొంతుతో అడిగాడు. "అన్నం తింటాండావా? నిద్ర పోతాండావా? సావాలనిపిస్తాందా?" మూడోది నన్ను అంతకు ముందు ఎవరూ అడగలేదు. ఇంట్లో వారం వారం ఫోను చేసి మార్కులు అడిగారు, మెస్సు అడిగారు, ఆదివారం చర్చికి పోతున్నావా అని అడిగారు. నేను అవునన్నాను. అన్నాక నోరు మూసుకున్నాను, ఆయన కుర్చీలోంచి లేచి తిడతాడనుకున్నాను, ఆయన కాగితం మీద ఏదో రాసుకుని ఎప్పటినుంచి అని అడిగాడు. అంతే, ఎప్పటినుంచి. తర్వాత చెప్పాడు. "ఇది జబ్బు పాపా. నీ తప్పు గాదు, సోమరితనం గాదు, మీ అమ్మానాయన పెంపకం గాదు. మందు పని జెయ్యాలంటే మూడు వారాలు పడతాది. అంతదాకా ఈ పిల్ల నీ పక్కన్నే ఉండాల. వారానికోసారి వచ్చి నాతో మాట్లాడాల. ఇంగోటి, బాగైనట్టు అనిపించినా నన్ను అడక్కుండా ఆపొద్దు. శానామంది ఆడ్నే దెబ్బ తింటారు." ఇరవై రెండో రోజు మెస్సులో చట్నీ నోట్లో పెట్టుకున్నాను, ఉప్పు ఎక్కువైంది. ఉప్పెక్కువైంది అని గట్టిగా అన్నాను, ప్రసూన నా వైపు చూసి చట్నీ గిన్నె పక్కకు తోసి ఏడ్చేసింది.

అదే ఏడుపు రెండు నెలలకు ఇంకోలా వచ్చింది. గదుల తనిఖీలో వార్డెను నా అల్మరాలో మాత్రల అట్ట చూసింది, ఫోనులో పేరు వెతికింది, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఆఫీసుకు తీసుకుపోయింది. మర్నాడు నాయన వచ్చాడు. పెద్దముడియం దగ్గర పల్లెలో బడిపంతులు ఆయన, ఎక్కడికి వెళ్లినా పాఠం చెప్పడానికి వెళ్లినంత నిటారుగా వెళ్తాడు. ఆ రోజు ఆఫీసు గదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు. కాలేజీ పేరు పాడవుతుంది, మిగతా పిల్లలు భయపడతారు, ఏదైనా జరిగితే ఎవరు బాధ్యులు, ఇంటికి తీసుకుపోండి, బాగయ్యాక సర్టిఫికెట్ తెండి అన్నారు. నేను బాగవుతున్నానా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఒక కాగితం ముందుకు తోశారు. స్వంత కారణాల వల్ల చదువు ఆపుతున్నాను. నాయన దాన్ని రెండుసార్లు చదివాడు, సంతకం ఎక్కడ అని అడిగాడు, పంతుళ్లు పెట్టే పొందికైన సంతకం పెట్టాడు. తర్వాత పెన్ను నాకిచ్చాడు. నేనూ పెట్టాను. ఆ సంతకం గుర్తొస్తే ఇప్పటికీ కుడిచేయి మండుతుంది. స్వంత కారణాలు! కాలు విరిగినవాడు స్వంత కారణాల వల్ల కుంటుతాడా? గది బయట ప్రసూన నిలబడి ఉంది, నా పెట్టె మోసుకుంటూ బస్టాండు దాకా వచ్చింది, దారంతా ఏడ్చింది. ఆ రోజు నేను నోరు తెరవాల్సింది. ఆరు నెలలుగా స్నానం చేస్తూ, బియ్యం ఏరుతూ, ఆ గదిలో చెప్పాల్సిన మాటలు గోడకు చెబుతున్నాను.

డ్రైవరు ఇంకా చెబుతున్నాడు. అమ్మ మోచేత్తో మెల్లగా పొడిచింది, చీటీ మళ్లీ చదువుకోమని. అమ్మ చేతి మీద నీలిరంగు నరాలు తేలాయి. ఇరవై ఒక్క రోజులు ఒంటిపూట తిని ప్రార్థన చేసిన చేయి ఇది. నన్ను ఇంటికి తెచ్చిన రోజు ఆమె మొదటి మాట, "మన వంశంలో ఇట్లాంటియి యాడా లేవే." రెండో పని, మాత్రలు తీసి మురికి కాలవలో పారేయడం. పారేసి వచ్చి నా తల ఒళ్లో పెట్టుకుని పొద్దుకుంకేదాకా జుట్టు నిమిరింది, ప్రసూన కత్తిరించిన చోట వేళ్లు ఆగి ఆగి నిమిరింది. ఈ రెండూ ఒకే మనిషి చేసింది, నేను ఏది మరిచిపోవాలి? శాంసన్ అయ్యగారు ప్రతి గురువారం వచ్చేవారు. ఆయన నన్ను ఏమీ అడగలేదు. వరండాలో కుర్చీ వేసుకుని తమ మేక ఎవరి పాదులో పడిందో, కరెంటు ఎన్ని గంటలు పోయిందో చెప్పేవారు, తర్వాత కళ్లు మూసుకుని ఒక పాట సన్నగా పాడేవారు. ఒక గురువారం ఆ పాట వింటూ నేను కుర్చీలోనే నిద్రపోయాను. ఆ నిద్ర నిజం, ఆ ప్రార్థనలు నిజం, నేను ఇప్పటికీ పడుకునే ముందు కళ్లు మూసుకుని దేవునితో మాట్లాడతాను. అయితే మాత్రలు పారేసిన వారానికి నాయన అమ్మకు కాలేజీ టి.సి. పని ఉందని చెప్పి నన్ను ప్రొద్దుటూరు తీసుకుపోయింది కూడా నిజమే. డాక్టరు ఆయన్ను తిట్టాడు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. అప్పటి నుంచి నెలనెలా ఒక మంగళవారం మాకు టి.సి. పని ఉండేది. మాత్రల అట్ట నాయన బడి సంచీలో సుద్దముక్కల డబ్బాలో ఉండేది. పొద్దున అమ్మ పెరట్లో ఉన్నప్పుడు ఆయన గ్లాసుతో నీళ్లు ఇచ్చేవాడు.

నిన్న అమ్మ ఈ చీటీ ఇచ్చినప్పుడు, మూడో మాట చెప్పనమ్మా అన్నాను. "చెప్పాల. ఆ మాటతోనే నోర్లు మూతబడేది. నువ్వు మల్ల కాలేజీకి పోతాండావు. సంఘం ముందర చెప్పినావంటే ఇంగ ఎవురూ అడగరు," అంది. సరే అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆమె ముఖం అలా ఉంది.

మూడో సాక్ష్యం ఒక కుర్రజంటది, పెళ్లై ఏడాది. ఇద్దరూ ఒకే మైకు పట్టుకుని సిగ్గుపడుతున్నారు, చర్చి అంతా నవ్వుతోంది. నా కళ్లు పీఠం పక్కన కీబోర్డు మీద పడ్డాయి. దాని మీద పువ్వుల గుడ్డ కప్పి ఉంది. అది జోయెల్ వాయించేది. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేవాడు, నాకంటే ఒక ఏడు పెద్ద, అతని వేళ్లు నల్లమెట్ల మీద పరుగెత్తుతుంటే పిల్లలు పాట మానేసి చూసేవాళ్లు. అతనికీ ఏదో మనసు జబ్బు, రెండేళ్లు మందు వాడాడు. పోయిన సంవత్సరం ఇదే నెల, ఇదే చోట నిలబడి, మాత్రలు మానేశాను, విశ్వాసమే నా మందు అన్నాడు. చర్చి దద్దరిల్లింది. సెలవులకు ఇంటికి వచ్చిన నేను ఈ వరుసలోనే కూర్చుని అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టాను. రెండు నెలలకు అతనికి నిద్ర పట్టడం మానేసింది, మాటలు తప్పాయి. ఒక మిట్టమధ్యాహ్నం గండికోట దారిలో చెప్పుల్లేకుండా నడుస్తుంటే ఆటో నయీం గుర్తుపట్టి ఇంటికి తెచ్చాడు. అరికాళ్లు బొబ్బలెక్కాయట. అప్పటి నుంచి జోయెల్ గది దాటలేదు, డాక్టరు పేరెత్తితే ఒద్దంటాడు, నేను అందరి ముందూ మాటిచ్చాను అంటాడు. చర్చిలో వాళ్లు విశ్వాసం చాల్లేదు అని మెల్లగా అనుకుంటారు. అతని అమ్మ రత్నమణి అత్త మూడో వరుసలో తల వంచుకుని కూర్చుంటుంది, ఆశీర్వాదం కాగానే అందరికంటే ముందు వెళ్లిపోతుంది. ఆ సాక్ష్యాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. చప్పట్లు కూడా ఎవరూ వెనక్కి తీసుకోలేదు, నావి కూడా ఇంకా అక్కడే ఉన్నాయి.

ఈ గుంపులో ఇంకా ఎంతమంది దగ్గర సుద్దముక్కల డబ్బాలున్నాయి? బియ్యం డ్రమ్ములో, బీరువాలో చీరల మడతల మధ్య, దిండు గలీబులో ఎవరెవరు ఏమేం దాచుకున్నారు? నేను ఆ మూడో వాక్యం చదివితే వాళ్లలో ఎవరు ఇంటికి పోయి పారేస్తారు? నాకు భయం పోలేదు, కానీ దాని పక్కనే ఇంకోటి లేచి నిలబడింది, కోపం. నాకు కోపం వచ్చి కూడా ఏడాదైంది. రుచి తిరిగొచ్చిన రోజు ఎలా గుర్తుపట్టానో దీన్నీ అలాగే గుర్తుపట్టాను. ఒక కాగితం మీద అబద్ధానికి సంతకం పెట్టాను, ఇక చాలు. రెండో కాగితం చదవను.

"మన దేవపాలు సారు కూతురు," అన్నారు అయ్యగారు, నా వైపు చూసి చల్లగా నవ్వారు. లేచాను. అమ్మ చీటీ నా చేతిలో సరిగా పెట్టింది. మైకు కీచుమంది. దాన్ని దూరం పట్టుకున్నాను, మళ్లీ దగ్గరికి తెచ్చాను.

"నా పేరు రజిని. కాలేజీలో నాకు మనసుకు జబ్బు చేసింది. దాని పేరు డిప్రెషన్. సావాలనిపించింది. సంఘం ప్రార్థన జేసింది, అయ్యగారు ప్రతి గురువారం వచ్చినారు, మా అమ్మ ఇరవై ఒక్క దినాలు ఉపాసముండింది. దానికి దేవునికి స్తోత్రం."

"స్తోత్రం," అన్నారు. అమ్మ భుజాలు కిందికి దిగాయి.

"ప్రొద్దుటూరులో ఒక డాక్టరు మాత్రలిచ్చినాడు. మానేసినానని చెప్పమని ఈ చీటీలో ఉంది. నేను మానెయ్యలేదు. ఈ పొద్దన్న గూడా ఏసుకొని వచ్చినా. డాక్టరు ఆపమన్న దినం ఆపుతా. పోయిన సంవత్సరం జోయెలన్న ఈడ్నే నిలబడి ఆపేసినానంటే మనమంతా చప్పట్లు కొట్టినాం. నేనూ కొట్టినా. జోయెలన్నది విశ్వాసం చాలక గాదు. మందు ఆపితే జబ్బు తిరిగొచ్చింది, అంతే. సుగరు మాత్రలు ఆపమని పెద్దమ్మను ఎవరన్నా అడుగుతామా?"

మగవాళ్ల వైపు నుంచి సంఘపెద్ద ఒకాయన సగం లేచాడు. "చాలు పాపా. కూర్చో."

"మూడు నిమిషాలు ఇంగా గాలేదు పెద్దనాయనా," అన్నాను. "జూన్లో కాలేజీకి పోతాండా. స్వంత కారణాల వల్ల ఆగిపోయినానని రాయిచ్చుకున్నారు. జబ్బు చేసి ఆగిపోయినానని మార్పించాల, మార్చేదాకా ఆఫీసు ముందర కూర్చుంటా. ఈడ ఎవరన్నా మాత్రలు దాచిపెట్టుకొని ఏసుకుంటాంటే ఏసుకోండి. పారెయ్యాకండి. నాకు సిగ్గు లేదు. మీకూ వద్దు."

ఎవరూ స్తోత్రం అనలేదు. నాయన తల వంచుకుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. అయ్యగారు చీటీ మీది కళ్లజోడు తీసి తొడుక్కుని నా వైపు చూశారు. తర్వాత ప్రార్థన చేసుకుందాం అన్నారు, అందరి కోసం చేశారు, నా పేరు ఎత్తలేదు. నేను వెనక్కి వచ్చి కూర్చున్నప్పుడు అమ్మ భుజం నాకు తగల్లేదు. ఆమె పక్కకు జరిగింది, జానెడు. ఆ జానెడు ఖాళీని చూస్తూ ఆశీర్వాదం దాకా కూర్చున్నాను. ఏడవలేదు. తప్పు చేశానా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను, ఎన్నిసార్లు అడిగినా లేదు అనే వచ్చింది.

బయట ఎండ కళ్లలోకి కొట్టింది. జనం గుంపులు గుంపులుగా నిలబడ్డారు, మా చుట్టూ మాత్రం చోటు వదిలారు. నాకు రోజూ చేయి ఊపే వాళ్లు చెప్పులు వెతుక్కోవడంలో మునిగిపోయారు. అమ్మ ఎవరి వైపూ చూడకుండా గొడుగు పట్టీ విప్పుతోంది, అది ఊడి రావడం లేదు. అప్పుడు రత్నమణి అత్త మెట్లు దిగింది. ఈసారి ఆమె అందరికంటే ముందు వెళ్లిపోలేదు. నేరుగా, ఆ ఖాళీచోటు దాటుకుని నా ముందుకు వచ్చింది. ఆమె గొంతు అంత గట్టిదని నాకు తెలియదు.

"ఆ డాక్టరు యాడుంటాడు పాపా? మావాన్ని ముందు చూసినాయన ఊరిడ్సి పోయినాడు. ఈయన యాడ?"

నేను నోరు తెరిచేలోపు పక్క నుంచి మాట వచ్చింది. "గాజులంగళ్ల సందులో, మేడ మీద," అంది అమ్మ, గొడుగు పట్టీ వైపే చూస్తూ. "ఏడింటికే పోయి చీటీ రాయించుకోవాల. లేకుంటే మద్యాన్నం దాకా కూర్చోబెడతారు. శుక్రారం మద్యాన్నం ఉండడు."

నేను అమ్మ వైపు తిరిగాను. "నీకెట్ల తెలుసు?"

"పోయినా గాబట్టి తెలుసు." ఆమె ముఖం ఎర్రగా కందింది, కోపమో ఎండో చెప్పలేను. "మీ నాయన సుద్దముక్కల డబ్బాలో మాత్రలు కనపడినాయి. పారేద్దామని తీసినా. మల్ల చెయ్యి రాల్యా. బట్టలకని చెప్పి ఒక్కదాన్నే బస్సెక్కి పోయి ఆయన్నే అడిగినా, ఆపితే ఏమైతాదని. చెప్పినాడు. తెచ్చి డబ్బాలో యథాప్రకారం పెట్టినా."

"మరి ఆ మాట ఎందుకు రాసిస్తివి?"

"దేవునికి తెలుసులే అనుకున్యా. చెప్పేది మనుషులకు గదా." కొంగుతో మెడ తుడుచుకుంది. "నువ్వు ఇప్పుడు మనుషులకు గూడా చెప్పేస్తివి. ఇంగేముంది దాచేకి."

రత్నమణి అత్త మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "వాడు తలుపు తియ్యడు పాపా. అయ్యగారొచ్చినా తియ్యల్యా."

"నేను కొడతా," అన్నాను.

"తియ్యకుంటే?"

"మల్ల కొడతా. చప్పట్లు కొట్టినోళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ మాట ఆయనకు నేనే చెప్పాల."

అమ్మ ఆ పట్టీని చేత్తో లాగి తెంపేసింది, గొడుగు తెరిచింది, రత్నమణి అత్త తల మీద పట్టింది. "పా, ఎండెక్కుతాంది," అంది. ముగ్గురం గేటు వైపు నడిచాం. మా ముందు జనం రెండుగా చీలారు. చింతచెట్టు నీడలో నిలబడిన సంఘపెద్ద భార్య, "సువార్తమ్మా, ఇల్లు అటు గదా, యాడికి పోతాండావు?" అని అడిగింది. అమ్మ ఆగలేదు, వెనక్కి తిరగలేదు.

"జోయెల్ ఇంటికి," అని అవతలి రోడ్డు దాకా వినపడేట్టు చెప్పింది.